లైటరు తాడు

ఫిషింగ్ హార్బరు రెండో గేటు పక్కన నా బడ్డీ.
పద్దెనిమిది నిండని వాళ్ళకి అమ్మబడదు అని
రేకు మీద రాసిచ్చింది పెయింటరు గుంపస్వామే.
ఇప్పుడది ఇరవై ఒకటి అవుతాదట.
అవుతాదో లేదో, కమిటీ అంటన్నారు, బిల్లు అంటన్నారు,
ముందే రాయించేద్దామని పిలిచేను.
"ఒకటిని రెండు చెయ్యొచ్చు గానీ
ఎనిమిదిని ఒకటి చెయ్యడం కుదర్దమ్మా,
మొత్తం గీకాల" అన్నాడు.

గీకుతున్నాడు.
రేకు అరుపుకి కొంగలు లేచి
ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద వాలేయి.

మా యమ్మ నూకాలుకి ఏ అంకే అడ్డం రాలేదు.
పెద జాలారిపేట ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోతాదని
నిప్పు కొస నోట్లోకి తిప్పుకుని కాల్చేది.
అడ్డపొగ.
నెత్తిన చేపల గంప, నాలిక మీద నిప్పు,
చేతులు రెండూ ఖాళీ, బేరానికి.
ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ చుట్ట ముట్టించి తెమ్మంటే
దారిలో ఆరిపోకుండా రెండు దమ్ములు లాగిందట.
అంతే, అలవాటైపోయింది.
కేజీహెచ్‌లో డాక్టరమ్మ టార్చి వేసి అంగిలి చూసి
ఎప్పట్నుంచి? అనడిగింది.
"పాలపళ్ళు ఊడక ముందునుంచీ" అంది అమ్మ,
ఏదో ఆస్తి చెప్పుకున్నట్టు.
ఆ టార్చి వెలుగులో నేనూ చూసేను.
తెల్లగా, మధ్య మధ్య ఎర్ర చుక్కలు,
ఒడ్డుకి లాగి బోర్లించిన పడవ అడుగులాగ.

నా కొట్లో వయసుకి కొలత ఆధార్ కార్డు కాదు.
గుంజకి తాడుతో వేలాడే లైటరు.
అంతకుముందు కొబ్బరి తాడే, కొస పొద్దంతా రగుల్తూ.
మునివేళ్ళ మీద లేచి అందుకుంటే ఒక ఈడు,
నిటారుగా నిలబడి ముట్టిస్తే ఒక ఈడు,
మెడ వంచి ముట్టించేవాళ్ళు మగాళ్ళు.
లోవరాజు మూడూ నా కళ్ళ ముందే అయ్యేడు.
"మా నాన్నకి" అని ఒక్కటి కొన్నప్పుడు వాడికి పదమూడు.
వాళ్ళ నాన్న ఆ నెలంతా పారాదీప్ వైపు బోటు మీదున్నాడని
నాకు తెలుసు.
తెలిసే చిల్లర లెక్కెట్టేను.
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఇవాళ రేకు గీకుతుంటే నోరు జారింది,
గుంపస్వామి విననట్టు ఉఫ్ అని పొట్టు ఊదేడు.

పోయినేడు పద్దెనిమిది నిండిన రోజు
కార్డు బల్ల మీద కొట్టి, పేకెట్టు అడిగేడు లోవరాజు,
కొత్త చొక్కాలో.
ఇప్పుడు రేకు చూసి నవ్వేడు.
"ఏటి పిన్నీ, నన్ను మళ్ళీ గుంటణ్ణి చేస్తన్నారా?
ఓటుంది. వల లాగుతాను. అప్పు నా పేరునే రాసేరు.
దీనికి మాత్రం చిన్నోణ్ణా?"
న్యాయమే అడిగేడు.
జవాబు లేదు నా దగ్గర.

మూడేళ్ళంటే ఏటి?
ఇంజను మీద తెచ్చిన అప్పు తీరడానికి మూడేళ్ళు.
మా యమ్మ గంజే తాగి బతికింది మూడేళ్ళు.
విడి సిగరెట్టు మీద నాకు మిగిలే రూపాయి
మూడేళ్ళు మిగలకపోతే ఎంతని
రాత్రి రెండుసార్లు లెక్క వేసేను,
రెండుసార్లూ మా పిల్ల నర్సింగు ఫీజు దగ్గర ఆగిపోయేను.

"నువ్వు కాకపోతే పాత పోస్టాఫీసు దగ్గర ఇస్తారు."
"ఇస్తారు. ఎల్లు" అన్నాను.
ఎల్లలేదు.
డీజిలు వాసనలో కాసేపు నిలబడ్డాడు.
దగ్గేడు.
పందొమ్మిదేళ్ళకి రావలసిన దగ్గు కాదది.
ఆ దగ్గుకి పదమూడో ఏడు గుర్తుంది.

రంగు ఆరకముందే ఇరవై ఒకటి మీద ఈగ వాలి అంటుకుపోయింది.
పని ముగించి గుంపస్వామి చెవి మీది బీడీ తీసేడు,
చూడకుండానే గుంజ వైపు చెయ్యి చాచేడు.
తాడు పొద్దున్నే కోసేసేను.
ముడి మాత్రం ఊడి రాలేదు, పాతది,
ఎందరి వేళ్ళ జిడ్డో తాగింది.
వాడి చెయ్యి గాల్లో కాసేపు వెతికింది.
బోట్లు తిరిగొచ్చే వేళవుతోంది,
ఇంకా ఎన్ని చేతులు వెతకాలో అక్కడ.