పన్నెండో స్లైడు

పన్నెండో స్లైడులో అందరూ డబ్బు అడుగుతారు.
నేను ఆ అంకెని కాస్త పైకి జరుపుతాను,
చెయ్యి మరీ చాచినట్టు కనబడకుండా.

నా పని ఇదే. హెచ్చెస్సార్ లేఔట్లో
టైలరు మునిరత్నం షాపు మీది గదిలో కూర్చుని
పరాయి ఆశలకి రంగులేస్తాను.
ఇప్పటికి నూట నలభై కంపెనీలు.
బతికున్నవి తొమ్మిదో పదో, లెక్క పెట్టుకోలేదు.
గ్రాఫులో గీత మాత్రం అందరికీ ఒక్కలాగే గీశాను:
మూడేళ్ళు నేలమీద పాకి
నాలుగో ఏట ఎవరో గిల్లినట్టు లేచి నిలబడుతుంది.

హంసవేణి జూన్‌లో వచ్చింది, తడిసిన హెల్మెట్‌తో.
సంచీలోంచి టిఫిన్ డబ్బాలాంటి యంత్రం తీసింది.
పట్టుగూళ్ళ తేమ కొలుస్తుందట.
శిడ్లఘట్ట మార్కెట్లో కొనేవాడు కుప్పలో చెయ్యి పెడతాడు,
గుప్పెడు తీస్తాడు,
ఒక గూడు చెవి దగ్గర ఆడిస్తాడు,
ధర చెప్పేస్తాడు. అంతే.
"మా చిన్నాయన ఆ చేతికల్లే చూస్తా నిలబడుకోనుండె,
దేవుడి చెయ్యి చూసినట్ల" అంది.

ఆ మాటని రెండో స్లైడులో పెట్టాను.
తీసెయ్యమంది. జాలి అమ్మడానికి రాలేదంది.
తీశాను. రాత్రి మళ్ళీ పెట్టాను.
పొద్దున మళ్ళీ తీయించింది.

కంపెనీ విలువ ఎంత వేద్దాం?
రెండు కోట్లు కొట్టి చూశాం. స్క్రీను మీద బక్కగా ఉంది.
మూడు కొట్టాం.
మూడు బాగుంది, వెడల్పుగా.

ఆమె పార్ట్‌నర్ నసీరుకి డెంగీ. స్లైడ్లు తిప్పడానికి
ఇందిరానగర్ దాకా నేనే వెళ్ళాను.
అద్దాల గది, ముగ్గురు మనుషులు,
ఎవరూ తాగని బాదంపాలు.
"ఈ మూడు కోట్లు ఎలా వచ్చాయి?" అన్నాడొకాయన.
నేను కీబోర్డు వైపు చూశాను.
"రేపు పెద్ద కంపెనీ ఒకటి ఇదే చేస్తే? మీ కందకం ఏది?"
కోటకి కందకం ఉండాలట.
ఆమెకింకా కోటే లేదు,
బొమ్మసంద్రలో సగం షెడ్డు, రెండు సోల్డరింగ్ కడ్డీలు.
"ముందు ఎవరు వేస్తున్నారు?" అంది మూడో ఆవిడ.
ఇంకొకరు వేస్తే తనూ వేస్తుందట.
ఆ ఇంకొకరూ పోయిన వారం ఇదే అన్నారు.

అప్పటిదాకా మాట్లాడని కురియన్ గారు
ఎప్పుడో ఒక కంపెనీ అమ్ముకున్న మనిషి
బల్లమీది యంత్రం చేతిలోకి తీసుకున్నాడు.
బరువు చూశాడు. తిప్పాడు.
చెవి దగ్గర పెట్టుకుని
మెల్లగా ఆడించాడు.

హంసవేణి నా వైపు చూసింది.
నేను పన్నెండో స్లైడు నొక్కాను.

"ఆలోచించి చెప్తాం" అన్నారు. ఈ ఊళ్ళో
లేదనే మాట ఎవరి నోటా వినలేదు నేను,
ఆటోవాళ్ళ దగ్గర తప్ప.

మూడు వారాలకి మెయిలొచ్చింది. కురియన్ గారి నలభై లక్షలు,
విలువ మాత్రం రెండు కోట్ల దగ్గరే కట్టాడు.
ఆమె సంతోషపడిందో లేదో ఫోన్లో తెలియలేదు.
వెనక సోల్డరింగ్ శబ్దం.

నాకివ్వాల్సినవి పన్నెండు వేలు.
"బదులుగా పావు శాతం వాటా తీసుకో అన్నా" అంది.
మునిరత్నం అప్పటికే రెండుసార్లు మెట్లెక్కాడు.
పావు శాతాన్ని అద్దెగా ఎవరు తీసుకుంటారు?
డబ్బే ఇమ్మన్నాను.
మాట్లాడకుండా పంపేసింది. టింగ్ మంది.
నూట నలభై మంది చేత నమ్మమని చెప్పించినవాణ్ని,
నా వంతు వచ్చేసరికి.

ఇవాళొక కుర్రాడొచ్చాడు. కుక్కలకి బీమా.
గీత గీస్తున్నాను, మూడేళ్ళు పాకిస్తున్నాను.
సొరుగులో ఆమె మర్చిపోయిన గూడొకటి ఉంది.
ఎండబెట్టినదే, అందులోంచి ఏదీ రాదని తెలుసు.
కుర్రాడు చూడనప్పుడు
చెవి దగ్గర ఆడించాను.

ఏదో కదిలింది.
లేదా, కింద మునిరత్నం కుట్టుమిషను.