తవుడు ధర

రామభద్రపురం కూరగాయల మార్కెట్లో
పలక మీద ధర రాసేది నేను.
పేరు తవిటయ్య.
ఆస్తి: చాక్‌పీసు ముక్క, తడిగుడ్డ,
ఇరవై రెండేళ్ళ చేతిరాత.

తెల్లారి నాలుగుకి
ఆరికతోట ఆటోలు బస్తాలు దించుతుంటే
పలక నల్లగా, ఖాళీగా ఉంటుంది.
అప్పటికింకా ఎవడికీ తెలీదు
తను ఇవాళ ఎంత బీదవాడో.

కోరాపుట్ పోయే లారీలు ఘాటీలో ఆగిపోయాయని
ఫోనొస్తుంది.
మా షావుకారు నా వైపు చూడకుండానే
రెండు వేళ్ళు మడుస్తాడు.
వంకాయ, పద్దెనిమిది తుడిచి
పదకొండు రాస్తాను.
పలక తడి ఆరేలోపు
గేదెల సన్నాసినాయుడి బోరు మోటారు
మరో నెల మూగదైపోతుంది.
"ఏటిరా తవిటీ, రేత్రి నా కల్లోకొచ్చి
నలభై రాసినావు కదా!"
"కల్లో చాక్‌పీసు కొత్తది, మావా."

పదకొండని చూడగానే
ఒక బస్తాకొచ్చిన తోపుడుబండ్లవాళ్ళు
రెండేసి ఎత్తుతారు.
సాలూరు వీధుల్లో నాలుగు రోజులు
అన్ని పొయ్యిల మీదా ఒకటే వాసన.
అయిదో రోజు
ఊరికే ఇస్తామన్నా
పిల్లలు కంచం ముందు మూతి తిప్పుకుంటారు.

భాద్రపదంలో మూడు రాశాను.
మూడు!
రాయడానికి ఎంత సులువు,
చెయ్యెత్తకుండా అయిపోయింది.
కోత కూలి కాయ కంటే ఖరీదై
కాయలు చెట్టునే ముదిరి పసుపెక్కాయి.
రోడ్డు వార పోసిన గుట్టని
ఆవులు వాసన చూసి తప్పుకున్నాయి.
సన్నాసినాయుడు మొక్కలన్నీ పీకించి
"మరి నా వొంట్లో ఊపిరుండగా వంగ ఎయ్యను" అన్నాడు.
ఊరంతా అదే మాట అంది.

ఊరంతా ఒకే మాటంటే
నాకు భయం. పలక వింటుంది.

కార్తీకం వెళ్ళేసరికి
ఆరు రాసి, పక్కన సున్నా చుడుతుంటే
నా చెయ్యి వణికింది.
ఆ రోజు కాయ తెచ్చింది పోలమ్మ ఒక్కతే.
దున్నించడానికి డబ్బుల్లేక
పీకకుండా వదిలేసిన మొక్కలు
వానకి మళ్ళీ చిగిర్చాయట.
మూడు గంపలు దించి
పలకనీ నన్నూ మార్చి మార్చి చూసింది.
"ఇది నా కాయకేనా,
నువ్వేటైనా తప్పు రాసినావా?"

కొనేవాళ్ళు మాత్రం వంకాయని
దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసి
పలకరించి వెళ్ళిపోయారు,
సంచిలో బంగాళాదుంపలు వేసుకుని.
రెండు రోజులు పోయాక
ఆ దుంప కూడా సంగతి కనిపెట్టింది,
నాలుగు రూపాయలెక్కి కూర్చుంది.

ఇప్పుడు విత్తనాల కొట్టు ముందు వరస.
వరసలో మొదట సన్నాసినాయుడు,
ఒంట్లో ఊపిరితోనే.
నేనేమీ అనలేదు.
తడిగుడ్డ పిండుకుంటున్నాను.

ఇన్ని ధరలు రాశాను గానీ
నా ధర నేనెప్పుడూ రాయలేదు.
నాకు ముందు ముగ్గురు పోయారు.
నేను పుట్టిన మూడో నాడు
చేటలో పడుకోబెట్టి, పక్కింటి ఎర్రమ్మకి
గిద్దెడు తవుడుకి అమ్మేసి,
మళ్ళీ అదే తవుడు చేతిలో పోసి
కొనుక్కుంది మా అమ్మ.
చావూ సంతకొస్తుందనీ
ఖరీదైన సరుకే ఏరుకుంటుందనీ
అమ్మ లెక్క.

ఆ లెక్క తప్పమ్మా,
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను,
చవకైందాన్నే జనం ముందు ఎత్తుకుపోతారు.
తప్పే.
అయినా నేనున్నాను.

నిన్న రాత్రి అంబలి తాగుతూ
నవ్వుతూ అన్నాను:
"తెలుసా అమ్మా,
తవుడు కిలో ముప్పై దాటింది.
కోళ్ళ ఫారాలోళ్ళు ఎగబడి కొంటన్నారు.
నేనూ కాసింత పెరిగినానన్నమాట!"

అమ్మ నవ్వలేదు.
లేచి తలుపు దగ్గరికేసింది.
"నోర్ముయ్యిరా గుంటడా, ఆడు ఇంటాడు.
పలక మీద రాసినావేటి?
బేగెల్లి తుడిచీ."