చిటికెన వేలు

చెంగల్రాయులు సారు రీళ్లు
గూడూరులో నేనే కడిగేవాణ్ణి.
ముప్ఫై ఆరింటిలో ఒక్క ముఖం ఉండేది కాదు:
సైదాపురం గని మీద తాడు నీడ,
పెచ్చులూడిన షెడ్డు గోడ,
అభ్రకం రజను పడి మెరిసే గేదె వీపు.

"తలలు తెగిపోతుండాయి సార్" అన్నానొకసారి.
"తెగనీరా. తలుంటే పేరడుగుతారు."

మా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోకి
రెండు చెవులూ కనపడాల్సిందే.
ఆయనవి తీగ మీద ఆరేసినప్పుడు
గడ్డం ఎత్తమని చెప్పడానికి ఎవరూ లేరు.

ఒక రీల్లో రెండు చేతులు.
కుడిచేతి కత్తి పలక అంచులో దూరి
పొరను పొర నుంచి విడదీస్తోంది.
ఎడమ చిటికెన వేలు సగమే.
ఎర్రలైటు కింద, మందునీళ్లలో,
కాగితం మీద ఆ వేలు తేలేదాకా
నాకు తెలీదు
అది అమ్మ అని.

ఆ చేతుల్నే రాగిరేకు మీద గీసి
యాసిడ్‌లో ముంచి
ఆయన అచ్చు తీశాడు, శ్రావణంలో, వాన పడతా ఉంటే.
అచ్చులో మొండివేలు కుడిచేతికి పోయింది.

"తప్పు సార్. మా అమ్మది ఎడమ."
రేకు వైపు చూశాడు. నా వైపు చూశాడు.
గోళ్లలో సిరా తుడుచుకుంటా,
"రేకు మీద సరిగ్గానే ఉండాదబ్బయా" అన్నాడు.

ఒక అచ్చు నాకిచ్చాడు, తడి ఆరకముందే.
ఇంటికి తెచ్చి
దీపం దగ్గర పెట్టి చూపించా.

అమ్మ చాలాసేపు చూసింది.
"పాపం,
ఈమెకీ పోయిందే వేలు" అంది.