రెండో చెవి

తెల్లారి పాలకని తలుపు తీస్తే
కారు ఎత్తులో ఏదో తేడా.
నిద్రమబ్బనుకొని కళ్లు నులుముకున్నా.
నాలుగు మూలలా బేతంచెర్ల బండల దొంతులు,
వాటి మీద నా బండి
పెండ్లిపీటల మీద మాదిరి కదలకుండా కూర్చొనుంది.
చక్రాలు లేవు.

గీత పడలేదు. డోరు కింద పెయింటు పెచ్చు లేవలేదు.
బండకూ ఇనుముకూ నడుమ
మడిచిన గోనెసంచి గుడక పెట్టినాడు.
పనితనం ఉండే దొంగ.
పదహారు నట్లూ అట్టముక్క మీద వరసగా పేర్చి పోయినాడు,
ఇవి నీకు పనికొస్తాయిలే అన్నట్టు.

చీటీ పాడిన దుడ్లతో కొన్న అల్లాయ్ చక్రాలు.
శ్రీశైలం ఘాటు నాలుగుసార్లే ఎక్కినాయి.

బండలు పక్కింటి ఓబులేసువి.
మిద్దె మెట్లకని తెప్పించి గోడవార ఆనించిపెట్టుకున్నవి.
ఆయన కుక్క ఆ రాత్రి మొరగలేదు.
ఈ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి
నేను పెట్టలేదు.
అవే వచ్చి కూర్చున్నాయి.

బళ్లారి చౌరస్తాలో ఖాజామొహిద్దీన్ అంగడి.
అద్దం బల్ల మీద మూడు రకాల తాళం నట్లు పరిచినాడు,
కమ్మలు చూపించే షరాబు మాదిరి.
"ఇది ఐదు మూలలది. అగ్గువ.
చిన్న సాకెట్టు సుత్తితో దిగ్గొడితే
నువ్వు టీ తాగొచ్చేలోపల ఊడొస్తుంది.
ఇది పూలరేకుల గాడి. చెవి పోగొట్టుకుంటే
కంపెనీకి నంబరు రాసి నెలరోజులు కాచుకోవాల.
ఇది చూడు."
వేలితో తిప్పినాడు.
పైన గొట్టం గిరగిరా తిరిగింది,
లోపల నట్టు కదల్లేదు.
మా పెద్దమామ గుర్తొచ్చినాడు.
ఏం చెప్పినా తల ఊపుతాడు,
వంకదాపు చేను మాత్రం పంచడు.
దాన్నే కట్టియ్యమన్నా.

చక్రానికొకటి చాలంట, మిగతా మూడూ మామూలువే.
"ఇంక దొంగ రాడా?"
ఖాజా నవ్వినాడు.
"ఎందుకు రాడన్నా! తాళం దొంగను మానిపించదు,
పక్క బండికి పంపిస్తుంది."

బిల్లులో రాయని ఆ మాట
కల్లూరు దాకా నా వెంటే వచ్చింది.

పక్క బండి అంటే
ఓబులేసు ఇండికా.

దాచుకోలేక సాయంత్రం చెప్పేసినా.
"నా టైర్లు గుండు గీయించుకొని ఎన్నేండ్లాయె!
దొంగ చూస్తే జాలిపడి రెండు పెట్టిపోతాడు" అన్నాడు.
ఇద్దరమూ నవ్వినాము.
నా నవ్వే ముందు ఆగింది.

మోకాళ్ల మీద చేతులేసి వంగి
కొత్త నట్టును బొటనవేలితో తడిమి చూసినాడు.
"చెవులెన్ని ఇచ్చినాడు?"
"రెండు."
"బండిలో పెట్టినావంటే దొంగ చేతికి తాళమిచ్చినట్టే.
రెండూ ఇంట్లో పెట్టి
నడిరాత్రి వెల్దుర్తి కాడ పంచరైతే ఏం జేస్తావు?
ఒకటి నీ మొలతాడుకు కట్టుకో.
రెండోది నాకియ్యి.
అది యాడన్నా జారిపోతే ఒక ఫోన్ కొట్టు,
డోన్ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తా."

మంచి మాట.
ఎవరైనా ఒప్పుకునే మాట.
కుక్క లేచొచ్చి నా కాళ్లు వాసన చూసి
తోక ఆడించింది.
అప్పుడే కూరగాయల బండి తోసుకొచ్చిన
ముక్కూ మొగమూ తెలియని పిల్లోనికి గుడక
అట్లే ఆడించింది.

"ఇస్తాలే" అన్నా.
తల గుడక ఊపినా.
జేబులో వేళ్లు
చెవి చుట్టూ తిరుగుతానే ఉన్నాయి,
పై గొట్టం మాదిరి.