తరుగు

నలభై ఏండ్లుగా ప్రొద్దుటూరు బంగారంగళ్ల వీధిలో
గీటురాయి పట్టుకొని కూర్చున్నోణ్ణి.
గీత చూసి చెప్తా రాగి ఎంత కలిసిందో,
కుంపటి ముట్టించే పని లేకుండా.
అట్లాంటి నన్ను
ఒక రంగుల మేత మోసం చేసె.

పిల్లి పేరు గురిగింజ.
ఎర్రటి ఒళ్లు, ముక్కు కాడ నల్లటి చుక్క.
వానకు తడిసొచ్చి మూసల గంప వెనక దూరి
ఇంగ పోనంటే పోనని మొండికేసింది.
మాది నీసు తగలని ఇల్లు.
మా కాళికాంబ పెరుగన్నం పెట్టె,
దోసె ముక్క తుంచి వేసె.
తినింది, పాపం.
ఆకలికి మర్యాద ఎక్కువ.

తర్వాత ఎవరో చెప్తే
పక్షుల అంగట్లో గోతాం విప్పి తూచిచ్చిన మేత కొంటి.
ఎర్ర నక్షత్రాలు, పచ్చ చేపలు, పసుపు ఎముకలు,
చిన్నపిల్లల గాజుల పెట్టె మాదిరి.
కిలో నూటిరవై అంటే నూటపదికి బేరమాడి
గెలిచినట్టు మీసం దువ్వుకుంటి.

మూడు వారాలకు
దాని బొచ్చు పాత చీపురాయె.
కక్కుతాది, నీళ్ల కాడనే కూర్చుంటాది, కిటికీ ఎక్కదు.
వెండి తూచే కాటా మీద పెడితి.
మూడు వందల గ్రాములు తరుగు.
నా పనిలో ఇంత తరుగు చూపించింటే
నడిబజార్లో నిలబెట్టుందురు నన్ను.

పశువుల ఆస్పత్రిలో బర్రెలు, గొర్రెలు, కుంటే పుంజొకటి,
వాటి నడుమ బుట్టతో మేము.
డాక్టరమ్మ మెహజబీన్ మేత సంచి చూపమనె.
సంచి లేదమ్మా, విడిగా తెచ్చింది అంటి.
"బిల్లు లేని బంగారం కొంటావా తాతా?"
నోరు పడిపోయె.

"రంగు నీ కంటికి. పిల్లికి దాంతో పనేంది?
ముందర బొమ్మ చూడొద్దు, వెనక చిన్నక్షరాలు చూడు.
మొదటి పేరు మాంసమో చేపో కావాల.
మొక్కజొన్న ముందుంటే అది కోళ్ల లెక్క.
పెరుగన్నం నీ దొడ్డ మనసు తాతా,
దాని కండ్లకు, గుండెకు నీసే కావాల.
ఆ పద్దు మనం కొట్టేసేది కాదు."

సాయంత్రం పెద్దంగడిలో
రవ్వలు చూసే అద్దం కంటికి బిగించి
సంచుల వీపులు చదివితి.
ముందర కోడి బొమ్మ,
వెనక కోడి జాడ ఆరో వరసలో.
తొమ్మిదొందల పదహారు ముద్ర కొట్టి
కడుపులో ఇత్తడి నింపేటోళ్లు నాకు కొత్తగాదు.
తొమ్మిదో సంచి నిజం చెప్పె. ధర కూడా చెప్పె.
చిన్నదే కొంటి.

మిగిలిన సగానికి, తెల్లారి,
బుద్ధెరిగినాక మొదటిసారి
చేపల ఓబులమ్మ ముందర నిలబడితి.
వేలితో మొప్ప ఎత్తి చూపె, ఎర్రగా, తడిగా.
అది ఆమె గీటురాయి.
"మొబ్బున పట్టింది. ఎవరికి సామీ?"
"మా ఇంట్లో ఒకరికి."
నవ్వలేదామె. ముళ్లు తీసిచ్చె.

పెరట్లో మూడు రాళ్లు పేర్చి,
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని,
ఉప్పు వేయకుండా ఉడకబెట్టె కాళికాంబ.
"ఇది వంట కాదు, మందు" అనె,
నాతో కాదు, ఇంటి గోడలతో.

గురిగింజ ఒకసారి వాసన చూసె.
నా మొగం చూసె. మళ్లీ వాసన చూసె.
నేను గీత గీసి తలెత్తేదాకా
ఎదురుగా గిరాకీ ఊపిరెట్ల బిగబడతాడో
ఆ పొద్దు తెలిసె నాకు.

ఆదివారానికి నూటనలభై గ్రాములు వెనక్కొచ్చె.
ఇప్పటికీ కాళికాంబ పెరుగన్నం కలిపితే
వచ్చి మోకాలు రాస్తాది.
ఒక్క మెతుకు వేస్తాం.
డాక్టరమ్మకు చెప్పొద్దు.