నాపరాతి అర

మా ఇంట్లో చెక్క అల్మారా నిలవదు.
మొదటిదాన్ని చెదలు తినేసినాయి,
రెండోది నడుం విరిగి
ఒక నడిరేయి పిడుగు పడినట్టు కూలింది.
మూడోసారి ఇంక చెక్క జోలికి పోకుండా
మూలలు పగిలి అమ్ముడుపోని బండలు నాలుగు
ఫ్యాక్టరీ నుంచి ఆటోలో వేసుకొచ్చినా.
ఎర్రగుంట్లలో రాయికి కరువా?
నేను రాసేది దాని లెక్కలే.
ఎన్ని కోసినారు, ఎన్ని లారీ ఎక్కినాయి,
ఎన్ని దారిలో పగిలినాయి.

అర బిగించడానికొచ్చిన సుంకన్న
గోడకు బెజ్జాలు వేస్తా వేస్తా
నేలమీది కుప్పల్ని చూసినాడు.
"ఇవన్నీ చదివినావా సార్?"
మిషన్ మోతలో వినపడనట్టు నటించినా.
మిషన్ ఆపి మళ్లా అడిగినాడు.

ఏం చెప్పేది?
తేనెటీగల మీద ఒకటుంది, మూడు వందల పేజీలు.
మాకు తేనెపెట్టె లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు.
ఛందస్సు మీద ఒకటి,
గణాల కాడ ఆగిపోయి పన్నెండేళ్లు.
రష్యా నవల ఒకటి, మొదటి సంపుటం లేదు,
రెండోదాన్ని మాత్రం మరిచిపోయి రెండుసార్లు కొన్నా.
కొన్ని ప్రొద్దుటూరు తోపుడుబండి మీదివి,
కొన్ని కడప ఏడురోడ్ల కాడ బస్సు రాక ముందువి,
మిగతావన్నీ మౌలాలి పాతపేపర్ల అంగట్లో
తూకానికి తెచ్చినవి.
తక్కెట్లో ఒకపక్క ఇనపగుండు,
ఇంకోపక్క ఎవరో పోయిన అయ్యవారి
నీలిసిరా సంతకాలు.
అది చూస్తే కాళ్లు కదలవు.
నేను తీసుకోకుంటే బొరుగుల పొట్లాలైపోతాయి గదా అనుకుంటా.
ఇంటికి తెచ్చినాక మాత్రం
అట్ట తెరిచిన పాపాన పోను.

"రిటైరైనాక చదువుతాలే" అన్నా ఒకరోజు.
ఓబులమ్మ చాటలో కందిబేడలు ఏరుతా
తలెత్తకుండానే లెక్క చెప్పింది:
"ఆరు వందల డెబ్బై ఉండాయి.
నెలకొకటి చదివినా నీకు నూటాపదేళ్లు రావాల.
అంతవరకూ నీకు సద్ది కట్టేదెవరు?"
ఆ రాత్రి కాగితం మీద వేసి చూసినా.
గుమాస్తాను గదా. తప్పు దొరకలేదు.

గని అంచున నిలబడితే
కింద పొరమీద పొర, పొరమీద పొర.
సుంకన్న తమ్ముడు గడ్డపార మొన దూర్చి
పైబండను లేపుతాడు,
పేజీ తిప్పినట్టు
అని రాసి కొట్టేసినా.
పేజీ తిప్పితే ఎవరికీ నడుం పట్టదు.
వాడు పొద్దుగుంకినాక
మా ఆఫీసు గోడకు వీపు ఆనించి
చానాసేపు అట్లే కూచుంటాడు.

మొన్న ఎండాకాలం, కరెంటు పోయిన మధ్యాహ్నం,
కరెంటు బిల్లు రసీదు కోసమే అరంతా వెతికినా.
తేనెటీగల్లోంచి చీపురుపుల్ల జారింది.
నూటపన్నెండో పేజీ.
ఛందస్సులో ఎండిన కరేపాకు రెబ్బ,
నేను ఆగిపోయిన గణాలు దాటి
ఎంతో ముందర.
ఇంకోదాంట్లో పసుపు అంటిన వేలిముద్ర,
అంచున పెన్సిలుతో పాల లెక్క.
రష్యా నవల్లో మడిచిన చీటీ ఒకటి.
నోరు తిరగని ఆ పేర్లన్నిటికీ
తనే పేర్లు పెట్టుకుంది:
పెద్దోడు, తాగుబోతు, పొద్దస్తమానం ఏడ్చేది,
గుర్రాలాయప్ప.
అడుగున ఒక ప్రశ్న:
"ఈమెకు వీని మీద అంత కోపం ఎందుకో,
ముందు పుస్తకంలో ఉండాదేమో."

వంటింట్లో పోపు చిటపటలాడింది.
నేనేమీ అడగలేదు.
పుల్లను ఏ పేజీలోదాన్ని ఆ పేజీలోనే పెట్టి,
చల్లటి బండ మీద దుమ్ములో
నా వేళ్ల జాడ తెలియకుండా
మోచేత్తో తుడిచి,
రసీదు దొరకలేదని గట్టిగా అరిచినా.

ఆదివారం పొద్దున్నే మౌలాలి అంగడికి పోయినా.
"సార్ వచ్చె, తక్కెడ తీయండ్రా" అని నవ్వినాడు.
తూకానికి కాదన్నా.
ఆ రష్యా నవల మొదటి సంపుటం
యాడన్నా తగిలిందా అని అడిగినా.