మాట్లాడగలిగినంత దూరం

మొదటి రోజు మతోజీన్యుష్ రేవు దగ్గర
రెండు దీపస్తంభాలు దాటాను.
మూడోదాన్ని కావిలించుకుని నిలబడిపోయాను.
పక్కనే సైకిల్ మీద వస్తున్న అబీలియు
ఒక కాలు నేలకానించి
"పొద్దున ఏం తిన్నావ్?" అన్నాడు.
"రొ..." అన్నాను.
మిగతా అక్షరం గొంతులోనే ఉండిపోయింది.

"మాట పూర్తవ్వాలి, దియోలిందా.
అంతకు మించిన వేగం మనకొద్దు."

నాకు నలభై నాలుగేళ్లు.
సార్డీన్ చేపల తలలు కోసి డబ్బాల్లో పేర్చే పని.
ఇరవై ఒక్క ఏళ్లుగా నిలబడే చేస్తున్నాను.
నా కాళ్లకి నిలబడటం తప్ప ఏమీ రాదనుకునేదాన్ని.
లేబుల్ వంకరగా అంటుకున్న డబ్బాలు
వారానికి నాలుగు అతనికిస్తాను.
అదే ఫీజు.

అతను ఓడరేవు క్రేన్లు బాగుచేసి రిటైరైన మనిషి.
ఒకప్పుడు బాగా పరుగెత్తేవాడట.
ఇప్పుడా మోకాలు
వాన కబురు వానకన్నా ముందే చెబుతుంది.
స్టాప్‌వాచ్ లేదు. చేతికి గడియారముంది గానీ చూడడు.
చేప డబ్బా లేబుల్ వెనక పెన్సిల్‌తో రాస్తాడు
నా కిలోమీటర్లు:
మూడు. మూడు. నాలుగు. మూడు.
"వెనక్కి పోతున్నామా?" అంటే
"పిండి పొంగేదాకా మూత తీయకు" అంటాడు.

అలా మాట్లాడుతూ పరుగెత్తడం నేర్చుకున్నాను.
ఐదు దాకా ఫ్యాక్టరీ కబుర్లు సరిపోయాయి:
సూపర్‌వైజర్ ఎర్మీనియా అత్తరు,
ఆ అత్తరుని ఓడించే చేపల వాసన.
ఎనిమిదికి కబుర్లు అయిపోయాయి.
ఫోజ్ దగ్గర నది సముద్రంలో కలిసేచోట
ఉత్తరపు గాలి ఎదురు నెడుతుంటే
చెప్పడానికేం లేక
అమ్మ కుట్టుమిషను సంగతి ఎత్తాను.

నల్లది. కాలితో తొక్కేది.
అమ్మ పోయిన వారానికి
నేను నైట్ షిఫ్టులో ఉండగా
చెల్లెలు ఫెలిజ్మీనా ఎత్తుకుపోయింది.
పది కిలోమీటర్లప్పుడు అలా చెప్పాను.
పన్నెండప్పుడూ అలాగే.

పద్దెనిమిది రోజున
కాళ్లు తమ పని తాము చేసుకుపోతుంటే
నోరు కూడా తన దారి తాను పట్టింది.
ఎత్తుకుపోలేదు.
"నాకెందుకు, నువ్వే తీసుకో" అన్నది నేనే.
అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు. మర్చిపోయాను.
ఏడో రోజు పూజలో, చర్చి మెట్ల మీద,
అందరూ వింటుండగా దాన్ని దొంగ అన్నాను.
గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.
ఆరేళ్లు. రెండు వీధుల అవతలే ఉంటుంది.

అబీలియు కాసేపు మాట్లాడలేదు.
తర్వాత సైకిల్ దగ్గరకి జరిపి
"సూది అన్నావేదో. గుచ్చుకుందా?" అన్నాడు.

క్రేన్ల కింద ముప్పై ఏళ్లు.
నా వైపు చెవి ఎప్పుడో పోయిందట.
"మరి ఇన్నాళ్లూ ఏం విన్నావయ్యా?"
"నీ ఊపిరి పెదాల మీద కనిపిస్తుందిగా" అన్నాడు,
ఏ మాత్రం సిగ్గు లేకుండా.
నవ్వు ఆపుకోలేక
ఆ రోజు మొదటిసారి నడిచాను.

ఇరవై ఏడు రోజున
రెండో వంతెన దగ్గర అతని చైను తెగింది.
పొగమంచు. నది కనబడదు, చప్పుడే.
ఆగబోతే గ్రీజు చెయ్యి ఊపాడు, పో పో అని.

వంతెనల కింద నేనొక్కదాన్నే.
మాట్లాడకపోతే వేగం ఎలా తెలుస్తుంది?
అందుకని మొదలుపెట్టాను.
"ఫెలిజ్మీనా, ఆ మిషను..."
తడబడితే వేగం తగ్గించాను.
"ఫెలిజ్మీనా, ఆ మిషను నేనే నీకు..."
గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన
ఎవరితోనో అనుకుని తల తిప్పి చూశాడు.
చివరి వంతెన దగ్గర వెనక్కి తిరిగి
మళ్లీ ఫోజ్ దాటేసరికి
వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో పట్టింది.

మెట్రో ఎక్కి నాకన్నా ముందే వచ్చి
రేవు గట్టు మీద కూర్చున్నాడు అబీలియు,
ఒళ్లో తెగిన చైను.
లేబుల్ తీసి ఇరవై ఏడు అని రాసి,
కళ్లారా చూడలేదు కాబట్టి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.